సముద్రం మ్యాప్ నిండ రంగే.. అండ్ల కొలిచిన చుక్కలెన్ని?

చెరువుల చేపలు పెంచేటోళ్లకు ఈ సంగతి ఎరుకే. నీళ్లు లేత పచ్చగ తిరిగితే మంచిదంటరు, చేపకు మేత తయారైతున్నదని లెక్క. అదే పచ్చదనం మితిమీరి చిక్కగైతే భయపడ్తరు. పగటిపూట నీళ్లల్లకు ఆక్సిజన్ ఇడిసే ఆ పచ్చదనమే రాత్రిపూట ఆక్సిజన్ తాగుతది. తెల్లారగట్ల చేపలు నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తయి. ఆ నీళ్లు గ్లాసుల ముంచి చూస్తే చేతికి చిక్కే నాచు ఏమీ ఉండదు, నీళ్లకే రంగు కలిపినట్టు ఉంటది. ఆ రంగు ఏందంటే కంటికి కనవడనంత చిన్న మొక్కలసొంటి జీవాలు. సైన్సు పుస్తకాలల్ల వృక్ష ప్లవకాలు అంటరు, ఇంగ్లీషుల ఫైటోప్లాంక్టన్.

ఇప్పుడు ఆ చెరువును భూమిల ముప్పావు వంతు దాక పెద్దగ చేసి ఊహించుకోండ్రి. అదే సముద్రం. భూమ్మీద ఎండను పట్టి తిండి తయారుచేసే పనిల దగ్గరదగ్గర సగం ఈ కనవడని జీవాలే చేస్తున్నయి. అడవులు, పొలాలు, గడ్డి అన్ని కలిసి మిగిలిన సగం. విచిత్రం ఏందంటే, లోకంల ఉన్న మొక్కలన్నిటి బరువు జోకితే వీటి వంతు ఒక్క శాతం సుత ఉండదు. ఇవి చెట్ల లెక్క ఏండ్లకేండ్లు నిలువయి. రెండు మూడు రోజులల్ల పుట్టి, పెరిగి, ఎవరికో తిండైపోతయి. వీటిని చిన్న చిన్న పురుగులు తింటయి, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు. విశాఖ రేవుకొచ్చే చేప ఏదైనా లెక్క వెనుకకు తీసుకుంట పోతే ఈ పచ్చదనం కాడికే వస్తది. అట్లనే మనం గాలిల కలుపుతున్న బొగ్గుపులుసు వాయువుల కొంత భాగాన్ని ఇవి తీసుకొని, చచ్చినంక సముద్రం అడుగుకు మోసుకపోతయి. భూమి వేడెక్కుడు లెక్కలల్ల వీటి పద్దు చిన్నది కాదు.

మరి ఇంత ముఖ్యమైన పంటను కొలిచేదెట్ల? సముద్రం మీద వీఆర్వో లేడు, పహాణీ లేదు. ఇక్కడనే సాటిలైట్, దాని తర్వాత ఇయ్యాల అందరి నోట్ల నానుతున్న మెషిన్ లెర్నింగ్ వచ్చినయి. నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. ఇసొంటి సంగతులు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివి నేర్చుకున్న. గని చదివినంక ఒక్కటి అర్థమైంది: ఈ సముద్రం ముచ్చట మన పొలం ముచ్చటకు చుట్టమే. అందుకే మీకు చెప్తున్న.

పైకెల్లి చూస్తే కనవడేది ఎంత?

పచ్చదనానికి కారణం క్లోరోఫిల్. నీళ్లల్ల అది ఎక్కువైతే సముద్రం రంగు నీలం నుంచి పచ్చకు మొగ్గుతది. ఆ తేడాను ఆకాశంకెల్లి పట్టొచ్చని 1978ల అమెరికా పంపిన నింబస్-7 సాటిలైట్ చూపెట్టింది. మన దేశం 1999ల ఓషన్‌శాట్-1, 2009ల ఓషన్‌శాట్-2, 2022ల ఈఓఎస్-06 పంపింది. ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. సముద్రం లేని మన హైదరాబాద్‌లనే, ప్రగతినగర్ కాడ, దేశం మొత్తం సముద్రాల సమాచారం చూసే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉన్నది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. సాటిలైట్ పంపిన పచ్చదనం, నీటి వేడి చూసి 'ఫలానా దిక్కున చేపలు దొరికే అవకాశం ఉంది' అని మత్స్యకారులకు చెప్పేది వాళ్లే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాక ఎన్నో పడవల డీజిల్ ఖర్చు ఆ సమాచారం మీద ఆధారపడి ఉంటది.

గని సాటిలైట్‌కు ఒక కొదువ ఉంది. అది పై పొరనే చూస్తది. మస్తు తేట నీళ్లైతే కొన్ని పదుల మీటర్లు, తీరం కాడ మడ్డి నీళ్లైతే కొన్ని మీటర్లే. మబ్బు పట్టిందంటే అది సుత లేదు. ఎండేమో తేట సముద్రంల నూరు మీటర్ల కిందికి సుత ఎంతో కొంత దిగుతది, అక్కడ సుత ఈ జీవాలు బతుకుతయి.

అసలు అవి కిందికి ఎందుకు పోతయంటే, వరికి ఎండ, ఎరువు రెండూ కావాలె కదా. సముద్రంల ఎండ పైన ఉంటది, ఎరువు కింద ఉంటది. నైట్రేట్, ఫాస్ఫేట్ లెక్కటి పోషకాలు చచ్చిన జీవాలతోని పాటు కిందికి జారి అక్కడనే పోగైతయి. పై పొరల ఉన్న ఎరువు తొందరగ అయిపోతది. అందుకే ఎండ ఇంకా కొద్దిగ అందుతూ, ఎరువు దొరకడం మొదలైన ఆ మధ్య పొరల పచ్చదనం దట్టంగ పేరుకుంటది. కొన్ని సముద్రాలల్ల అది నూరు మీటర్ల కింద ఉంటది. మన బంగాళాఖాతంల మస్తు సార్లు 50 మీటర్లకు అటూఇటూ దొరుకుతది.

బంగాళాఖాతంది ఇంకో ప్రత్యేకత. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ.. ఇన్ని నదుల మంచినీళ్లు వచ్చి అండ్లనే పడ్తయి. ఉప్పు నీళ్ల కన్న మంచినీళ్లు తేలిక. అవి పైన మూత పెట్టినట్టు పరుచుకుంటయి. ఆ మూత కింది ఎరువును పైకి రానియ్యది. పైకెల్లి చూస్తే సముద్రం నీలంగ, ఎడారి లెక్క కనవడుతది. కింద మాత్రం పచ్చటి పొర దాగి ఉంటది.

ఆ మూతను పగులగొట్టేది తుఫాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను అల్లకల్లోలం చేసింది యాదికుండొచ్చు. ఆ తుఫాను సముద్రాన్ని కవ్వంతోని చిలికినట్టు చిలికింది. ఆ దారిల ఉన్న ఒక మునిగే మిషన్ పంపిన కొలతలల్ల పై నీళ్లల్ల క్లోరోఫిల్ పెరిగినట్టు తేలింది. ఇసొంటప్పుడు పైన కనవడే పచ్చదనంల రెండు కలిసి ఉంటయి: కింది ఎరువు పైకొచ్చి కొత్తగ పెరిగింది, అంతకుముందే కింద ఉండి ఇప్పుడు పైకి తేలింది. సాటిలైట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ రెండిటి నడుమ తేడా తెల్వది. కింద కొలిచిన మిషన్ ఉంటేనే తెలుస్తది.

2024ల కెనడాల డల్హౌసీ యూనివర్సిటీ పరిశోధకులు సుమారు లక్ష లోతు కొలతలు ముందట వేసుకొని లెక్క తీసిండ్రు. నడి సముద్రాలల్ల ఉన్న ఈ జీవాల మొత్తం సరుకుల దాదాపు సగం సాటిలైట్ చూపు అందని లోతుల ఉందని తేల్చిండ్రు. పంటల సగం కనవడకుంటనే ఇన్నేండ్లు లెక్కలు నడిచినయి అన్నట్టు.

మునిగే మిషన్లు

ఆ లక్ష కొలతలు ఎక్కడియి? సముద్రాలల్ల వదిలిపెట్టిన ఆర్గో ఫ్లోట్లు పంపినయి. ఫ్లోట్ అంటే మనిషెత్తు ఉండే గొట్టం. బ్యాటరీ తోని నడుస్తది, ఇంజన్ లేదు, ఫ్యాన్ లేదు. లోపల నూనె ఉంటది. ఆ నూనెను బయటి తిత్తిలకు పంపు చేస్తే ఫ్లోట్ ఉబ్బి పైకి తేలుతది, లోపలికి గుంజుకుంటే మునుగుతది. వెయ్యి మీటర్ల లోతుల వాటానికి కొట్టుకపోతది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడికెల్లి పైకొచ్చుకుంట వేడి, ఉప్పు కొలుస్తది. పైకొచ్చినంక సాటిలైట్‌కు లెక్క చెప్పి మళ్ల మునుగుతది. ఇట్ల నాలుగైదేండ్లు నడుస్తది.

లోకం మొత్తంల ఇసొంటివి నాలుగు వేలకు దగ్గరున్నయి. మన దేశం తరఫున వదిలేది ఇన్‌కాయిసే. అయితే వాటిల ఎక్కువ వాటికి వేడి, ఉప్పు కొలిచే సెన్సర్లే ఉంటయి. పచ్చదనం, ఆక్సిజన్, నైట్రేట్ కొలిచే బయో సెన్సర్లు ఉన్నయి కొన్నే. లోకానికి వెయ్యి కావాలని లక్ష్యం పెట్టుకున్నరు. వెయ్యి అయినా సరే, లోకంల సముద్రాలన్నిటికి కలిపి వెయ్యి. ఒక జిల్లాకు ఒక వానమాపకం పెట్టి ఊరూరి వాన చెప్పుమన్నట్టు ఉంటది.

ఒక్కో ఫ్లోట్ నడుమ వందల కిలోమీటర్ల ఖాళీ ఉంటది. ఆ ఖాళీని నింపనీకే మెషిన్ లెర్నింగ్ కావాల్సొచ్చింది.

బోర్ల నోట్‌బుక్కు

మెషిన్ లెర్నింగ్ అంటే మాయ ఏం కాదు. బోరు సంగతి తీసుకుందాం. భూమి లోపల నీళ్లు ఎక్కడున్నయో పైకెల్లి కనవడది. ఒకాయన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని తిరుగుతడు, ఒకాయన పుల్ల పట్టుకొని తిరుగుతడు. వాళ్లను పక్కన పెట్టుండ్రి. ఊర్ల ఒక హుషారు పోరడు ఉన్నడనుకుందాం. ఇప్పటిదాక ఊర్ల వేసిన రెండొందల బోర్ల సంగతి ఒక నోట్‌బుక్కుల రాసుకున్నడు. ఎక్కడ వేసిండ్రు, చెరువుకు ఎంత దూరం, భూమి ఎత్తా పల్లమా, ఎర్ర నేలా నల్ల నేలా, పైన కనవడే చెట్లేంది, ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డయి, పడలేదా. కొన్ని దినాలకు ఆ పిలగాడు కొత్త జాగ చూసి 'ఇక్కడ మూడొందల ఫీట్లకు పడొచ్చు' అని చెప్పగలుగుతడు. ఎందుకు చెప్పిండో అడిగితే సూత్రం చెప్పలేకపోవచ్చు. రెండొందల అనుభవాలు వాని మతిల కలిసి ఒక అంచనా అయినయి.

కంప్యూటర్ చేసేది సుత ఇదే. ఫ్రాన్స్‌ల విల్‌ఫ్రాంష్ అనే సముద్రపు ఒడ్డు ఊర్ల రఫయెల్ సొజేద్, హెర్వే క్లోస్త్ర్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటోళ్లు 2016ల ఒక పద్ధతి బయటపెట్టిండ్రు. నాలుగు వేల పైచిలుకు ఫ్లోట్ కొలతలు తీసుకున్నరు. ఒక్కో కొలతకు జోడుగ అదే జాగల, అదే రోజుల్లో సాటిలైట్ చూసిన నీటి రంగు పెట్టిండ్రు. ఏడాదిల ఏ రోజు, లోతుకు పోతాంటే వేడి, ఉప్పు ఎట్ల మారుతున్నయి.. ఇవన్ని ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చిండ్రు. అది పైన ఇచ్చిన గుర్తుల నుంచి కింద నీళ్లల్ల ఈ జీవాల నలుసులు ఎంత ఉన్నయో అంచనా కట్టాలె. తప్పు చెప్పినప్పుడల్ల తప్పు ఎంతుందో చూసి లోపలి లెక్కలను కొద్దిగ సవరించుకుంటది. ఇట్ల వేలసార్లు సవరించుకొని నేర్చుకుంటది.

నేర్చుకున్నదా, బట్టీ పట్టిందా అని ఎట్ల తెలుస్తది? మన పరీక్షల పద్ధతే. కొలతలల్ల 80 శాతం చదువుకోనీకే ఇచ్చి, 20 శాతం దాచిపెట్టిండ్రు. ఎన్నడూ చూడని ఆ 20 శాతం మీద పరీక్ష పెట్టిండ్రు. అండ్ల పాసైతేనే లెక్క. ఈ పద్ధతి మీదనే ఇయ్యాల యూరప్‌ల కోపర్నికస్ అనే కార్యక్రమం సముద్రం పై నుంచి వెయ్యి మీటర్ల దాక పొరలు పొరలుగ మ్యాపులు తయారుచేసి ఊకెనే ఇస్తున్నది.

కంప్యూటర్ చేసే ఇంకో పని ఉంది, గుర్తుపట్టుడు. నీళ్లల్లనే మునిగి ఉండి, ఒక్కో జీవాన్ని ఫొటో తీసే రోబో మైక్రోస్కోపు అమెరికాల తయారైంది. గంటకు వేల ఫొటోలు తీస్తది. మనిషి కూసొని చూడాల్నంటే ఏండ్లు పడ్తది. ముందుగాల మనుషులు పేర్లు రాసిపెట్టిన ఫొటోలు చూసి నేర్చుకున్న కంప్యూటర్, కొత్త ఫొటోలను తానే వేరుచేస్తది. 2008ల టెక్సాస్ తీరంల ఇసొంటి మిషన్ ఒకటి డైనోఫిసిస్ అనే విషపు రకం ఒక్కసారే పెరుగుతున్నట్టు పట్టింది. దాన్ని తిన్న ఆల్చిప్పలను మనుషులు తింటే కడుపుల తిప్పి విరేచనాలైతయి. అప్పుడే అక్కడ ఆల్చిప్పల జాతర జరగాల్సి ఉంది. సర్కారు ఆల్చిప్పలు తీసుడు ఆపింది, మార్కెట్లకు పోయిన సరుకు వాపసు తెప్పించింది. ఎవ్వరికీ జబ్బు రాలేదు. మిషన్‌ను నేను ఊకెనే తిట్టనీకే రాస్తలేనని చెప్పనీకే ఈ కథ చెప్పిన. మంచి కొలత చేతులుంటే అది మనిషి ప్రాణం కాపాడుతది.

నోట్‌బుక్కు ఎక్కడ పనికిరాదు?

మళ్ల బోర్ల పిలగాని కాడికి వద్దాం. వాన్ని వాని ఊరిడిసి వంద కిలోమీటర్ల అవతలికి తీసుకపోయి పాయింట్ చూపెట్టుమంటే? అక్కడ రాయి వేరు, నేల వేరు. వాడు తెలివైనోడైతే 'నాకు ఈడ తెల్వదు' అంటడు. కంప్యూటర్ మాత్రం ఆ మాట దానంతట అది అనది. ఏ జాగ అడిగినా ఒక అంకె చెప్తది. 'నీ అంకె మీద నీకు ఎంత నమ్మకం' అనేది సుత లెక్కకట్టి చెప్పుమని తయారుచేసినోళ్లు నేర్పిస్తేనే చెప్తది. మంచినీళ్ల మూత ఉన్న బంగాళాఖాతంసొంటి సముద్రాలు లోకంల ఎక్కువ లేవు. వేరే సముద్రాలల్ల ఎక్కువ నేర్చుకున్న మిషన్ ఇక్కడి లోతు గురించి చెప్పిన అంకెను, ఇక్కడ కొలిచిన కొలతతోని పక్కపక్కన పెట్టి చూడకుండ నమ్మొద్దు.

రెండోది, పచ్చదనం అంతా పంట కాదు. యూరియా దండిగ చల్లిన వరి నల్లగ నిగనిగలాడ్తది, గింజ మాత్రం అంత రాదు. నీడకున్న ఆకు ఎండకున్న ఆకు కన్న ముదురు పచ్చగ ఉంటది. సముద్రంల సుత అంతే. లోతుల వెలుగు తక్కువ కాబట్టి, ఉన్న కొద్ది వెలుగును పట్టనీకే ఆ జీవాలు తమల క్లోరోఫిల్ పెంచుకుంటయి. క్లోరోఫిల్ రెండింతలైతే జీవాలు రెండింతలైనయని కాదు. అందుకే ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు రంగును ఒక్కదాన్నే చూడలేదు. నలుసులకు తగిలి వెలుగు ఎంత వెనుకకు మళ్లుతున్నదో దాన్ని లెక్కల తీసుకున్నరు. ఏ గుర్తు దేన్ని కొలుస్తున్నదో తెల్వకుంటే మిషన్ ఎంత పెద్దదైనా లాభం లేదు.

మూడోది పెద్దది. నోట్‌బుక్కు పాతదైతది. వరుసగ మూడేండ్లు కరువొచ్చి నీళ్లు అడుగంటినంక, వానలు మంచిగున్న కాలంల రాసిన బోర్ల లెక్క పనికిరాదు. సముద్రం వేడెక్కుతున్నది. పై నీళ్లు వేడెక్కితే తేలికైతయి, కింది నీళ్లతోని కలవయి, ఎరువు పైకి రాదు. హిందూ మహాసముద్రం పడమటి భాగంల ఆరు దశాబ్దాలల్ల ఈ జీవాలు 20 శాతం దాక తగ్గినయని పుణెల పనిచేసే రాక్సీ మాథ్యూ కోల్, తోటి శాస్త్రవేత్తలు 2016ల రాసిండ్రు. ఇంకోదిక్కు బెర్ముడా దీవుల కాడ 1988 నుంచి నెలనెలా నీళ్లు తోడి కొలుస్తున్నరు. ఆ 33 ఏండ్ల కొలతలు చూస్తే పై పొర ఒక తీరుగ, కింది పొర ఇంకో తీరుగ మారుతున్నయని 2024ల తేలింది. పైన క్లోరోఫిల్ తగ్గుతుంటే, గీ మధ్య వేడెక్కిన ఏండ్లల్ల కింద జీవాల సరుకు పెరిగింది. పైన చూసి కింద చెప్పే మిషన్, పైనకు కిందికి ఉన్న చుట్టరికం మారదనే నమ్మకం మీద నడుస్తది. ఆ చుట్టరికమే మారుతుంటే? మళ్ల దిగి కొలవాల్సిందే. బెర్ముడాల ఆ సంగతి తేలిందంటే, ముప్పై మూడేండ్లు మనుషులు పడవేసుకొని పోయి నీళ్లు తోడినందుకే.

మనకేం పని అంటరా?

మస్తు పని ఉంది. ఇదే సాటిలైట్, ఇదే మెషిన్ లెర్నింగ్ పొలాల మీదికి సుత వస్తున్నయి. పంట ఎంత పండింది, ఎంత పోయింది, బీమా పైసలు ఎవలకు ఇయ్యాలె అనేటివి రేపు ఇవే చెప్తయి. రంగులు నింపిన మ్యాప్ ముందట పెట్టి 'మీ మండలంల పంట మంచిగనే ఉంది' అంటే మీరు ఏం అడుగుతరు? సముద్రం నేర్పిన ప్రశ్నలే అడగాలె. ఈ మ్యాప్‌ల మీరు నిజంగ దిగి కొలిచిన చుక్కలు ఎన్ని? అవి మా ఊరికి ఎంత దూరంల ఉన్నయి? మీ మిషన్ నేర్చుకున్నది ఏ కాలం కొలతలతోని? దాచిపెట్టిన పరీక్షల ఎంత తప్పింది? ఈ నాలుగు అడగనీకే ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర లేదు.

మత్స్యకారుల సంగతి సుత అంతే. చేపల దిక్కు చెప్పే సమాచారం మెరుగైతే డీజిల్ మిగుల్తది, మంచిదే. గని మెరుగు చేస్తమని కంప్యూటర్లు కొని, ఫ్లోట్లు తగ్గిస్తే అది విత్తనం అమ్ముకొని గోదాం కట్టినట్టు. మిషన్ తెలివికి మూలం కొలత. బంగాళాఖాతంల బయో సెన్సర్లున్న ఫ్లోట్లు పెరగాలె. దినాం సముద్రం మీదికి పోయే పడవలోళ్లను సుత కొలిచేటోళ్లుగ చేర్చుకోవాలె, దానికి వాళ్లకు పైసలియ్యాలె. నీటి రంగు, వాటం, చేప మారుడు వాళ్లకు తెలిసినంత ఎవ్వరికి తెల్వదు. ఆ తెలివి ఏ నోట్‌బుక్కుల ఎక్కలేదు.

ఇగ చదువుకునే తమ్ముల్లకు, చెల్లెల్లకు ఒక మాట. ఆర్గో ఫ్లోట్ల కొలతలు ఎవరి జాగీరు కాదు. ఫ్లోట్ పైకి తేలిన ఒక రోజుల్లనే లోకం మొత్తానికి ఉచితంగ అందుబాటుకు వస్తయి. పైథాన్ ఫ్రీ. పాత ల్యాప్‌టాప్ ఒకటి దొరికితే చాలు. బంగాళాఖాతంల తిరుగుతున్న ఒక్క ఫ్లోట్ నంబరు పట్టుకొని, దాని ఏడాది లెక్క డౌన్‌లోడ్ చేసుకోండ్రి. లోతు ఒకదిక్కు, వేడి ఇంకోదిక్కు పెట్టి గీత గీయుండ్రి. తుఫాను వచ్చిన వారం ఆ గీత ఎట్ల వంగిందో మీ కండ్లతోని చూడుండ్రి. ఆ తర్వాత ఎవరన్న రంగులద్దిన మ్యాప్ తీసుకొచ్చి 'కంప్యూటర్ చెప్పింది' అంటే, అండ్ల చుక్కలు ఏడున్నయో మీ వేలే ముందుగాల వెతుకుతది.